పతకం వచ్చాక కోట్లు సరే.. తొలి కోచ్ సంగతేంటి? 2030 స్ప్రింటర్లు ఇప్పుడు హైస్కూల్లోనే ఉన్నారు!

2030 కామన్‌వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌లో జరగబోతున్నాయి. 2010 ఢిల్లీ తర్వాత ఈ పోటీలు మళ్లీ మన దేశానికి రావడం ఇదే మొదటిసారి. 2036 ఒలింపిక్స్ కోసం కూడా భారత్ గట్టిగానే ప్రయత్నిస్తోంది. స్టేడియాలు, బడ్జెట్లు, ఆతిథ్యం.. చర్చంతా వీటి చుట్టూనే నడుస్తోంది. అయితే ట్రాక్ మీద లెక్క వేరే ఉంది. 2030లో 100 మీటర్లు, 200 మీటర్లు, హర్డిల్స్, రిలేల్లో దేశం తరఫున పరిగెత్తాల్సిన వాళ్లలో చాలామందికి ఇప్పుడు 14 నుంచి 18 ఏళ్లే. అంటే ఎనిమిదో తరగతికి, ఇంటర్‌కి మధ్యలో ఎక్కడో ఉన్నారు.

వాళ్లకు ఇవాళ ఉదయం ప్రాక్టీస్ ఎవరు చేయించారు? ఏం చేయించారు? పరిగెత్తాక ఏం తిన్నారు? అహ్మదాబాద్ ఫలితం చాలావరకు ఈ మూడు ప్రశ్నల మీదే ఆధారపడి ఉంది. తెలుగు రాష్ట్రాల అనుభవం కూడా ఇదే చెబుతోంది.

ముగ్గురు అమ్మాయిలు.. మూడు దారులు

ముందుగా జ్యోతి యర్రాజీ. విశాఖ అమ్మాయి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లలో, ఆస్పత్రిలో పని చేసి ఇల్లు నడిపించారు. స్కూల్లో చదువుతున్నప్పుడు పొడుగ్గా ఉందని గమనించిన పీఈటీ.. ఈ అమ్మాయి హర్డిల్స్‌కి పనికొస్తుందని గుర్తించారు. అక్కడి నుంచి హైదరాబాద్, తర్వాత గుంటూరు, ఆ తర్వాత భువనేశ్వర్. ఒడిశాలోని కళింగ స్టేడియంలో రిలయన్స్ ఫౌండేషన్ కేంద్రంలో బ్రిటన్ కోచ్ జేమ్స్ హిల్లియర్ దగ్గర శిక్షణ.

మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌లో 2002 నుంచి అనురాధా బిస్వాల్ పేరుతో ఉన్న 13.38 సెకన్ల జాతీయ రికార్డును జ్యోతి 2022లో బద్దలు కొట్టింది. 2023లో చైనాలోని చెంగ్డూలో 12.78 సెకన్లకు దించింది. అదే ఏడాది హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం. 2024 పారిస్‌లో ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్ పరిగెత్తిన తొలి భారతీయ మహిళ. 2025లో దక్షిణ కొరియాలోని గుమిలో 12.96 సెకన్లతో మళ్లీ ఆసియా ఛాంపియన్.

ఇక దీప్తి జీవాంజి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి. మేధోపరమైన వైకల్యం ఉన్న దీప్తిని ఊళ్లో ఎన్ని మాటలన్నారో ఆ కుటుంబమే పలుమార్లు చెప్పుకుంది. ఉన్న కొద్దిపాటి భూమి కూడా అమ్ముకోవాల్సి వచ్చింది. ఆమె పరుగును మొదట చూసింది ఊళ్లోని స్కూల్. తర్వాత హైదరాబాద్‌లో కోచింగ్, పుల్లెల గోపీచంద్ అండ. 2024 మేలో జపాన్‌లోని కోబెలో టీ20 విభాగం 400 మీటర్లను 55.07 సెకన్లలో పూర్తి చేసి ప్రపంచ రికార్డుతో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం.

మూడో అమ్మాయి నందిని అగసర. తండ్రి టీ అమ్మేవారు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది, నార్సింగి అకాడమీలో శిక్షణ తీసుకుంది. ఏడు ఈవెంట్లు ఉండే హెప్టాథ్లాన్‌లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల కాంస్యం, 2025 గుమి ఆసియా ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం సాధించింది.

ముగ్గురివీ పేద కుటుంబాలే. ముగ్గురూ చివరికి పెద్ద కేంద్రాలకు చేరారు. అయితే అంతకుముందు, 12-16 ఏళ్ల మధ్య, ముగ్గురికీ ఒక మనిషో, ఒక స్కూలో దొరికింది. అక్కడే కథ మలుపు తిరిగింది. దొరకని పిల్లల పేర్లు ఏ రికార్డుల్లోనూ ఉండవు. వాళ్లు ఎంతమందో ఎవరూ లెక్కపెట్టలేదు కూడా.

100 మీటర్ల పరుగులో అసలేం జరుగుతుంది?

చూసేవాళ్లకు పది, పదకొండు సెకన్ల ఆట. కోచ్‌కి మాత్రం నాలుగు వేర్వేరు పనులు.

మొదటిది స్టార్ట్. తుపాకీ పేలాక సెకనులో పదో వంతు కన్నా ముందే కదిలితే ఫాల్స్ స్టార్ట్. ఒక్క తప్పుకే డిస్‌క్వాలిఫై. ప్రపంచంలోనే ఫాస్టెస్ట్ మ్యాన్ ఉసేన్ బోల్ట్ 2011 ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఇలాగే బయటికి వెళ్లాడు.

రెండోది యాక్సిలరేషన్, అంటే మొదటి 30 మీటర్లు. ఒళ్లు ముందుకు వంచి, నేలను వెనక్కి తోస్తూ వేగం పెంచుకోవాలి. మూడోది టాప్ స్పీడ్. ఇక్కడ నడుం నిటారుగా, మోకాళ్లు పైకి, పాదం కిందికి కొట్టినట్టు పడాలి. మేటి స్ప్రింటర్ల పాదం నేలను తాకి ఉండేది ఒక్కో అడుగుకు సెకనులో పదో వంతు కన్నా తక్కువే. నాలుగోది చివరి 20-30 మీటర్లు. ఇక్కడ అందరి వేగమూ తగ్గుతుంది. 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్ల ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు బోల్ట్ అత్యధిక వేగం గంటకు దాదాపు 44.7 కిలోమీటర్లు. అది 60-80 మీటర్ల మధ్య వచ్చింది. ఆ తర్వాత బోల్ట్ వేగం కూడా కాస్త తగ్గింది. చివర్లో దూసుకొస్తున్నట్టు కనిపించేవాడు నిజానికి వేగం పెంచడు. మిగతావాళ్ల కంటే తక్కువగా తగ్గుతాడు. అంతే తేడా!

హర్డిల్స్‌లో వీటికి తోడు ఇంకో లెక్క. మహిళల పోటీలో 83.8 సెంటీమీటర్ల ఎత్తున్న పది హర్డిల్స్. ఒక్కో దానికి మధ్య 8.5 మీటర్ల దూరం, అందులో మూడంటే మూడు అడుగులు. ఆ లయ ఒక్కసారి తప్పితే రేసు పోయినట్టే. ఈ లయ ఒంటికి పట్టడానికి ఏళ్లు పడుతుంది. అందుకే స్కూల్ వయసులో ఎవరు నేర్పారన్నది అంత ముఖ్యం.

'పది రౌండ్లు కొట్టు'.. ఇదే పెద్ద తప్పు

తెల్లవారుజామున ఐదు గంటలకు ఏ మండల కేంద్రంలోని గ్రౌండ్‌కి వెళ్లినా ఒకటే సీన్. కానిస్టేబుల్ ఉద్యోగాలకు ప్రిపేర్ అవుతున్న యువత ఈవెంట్స్ ప్రాక్టీస్‌లో ఉంటుంది. తెలంగాణ గత నోటిఫికేషన్‌లో పురుషులు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో, మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. ఏపీలో 1600 మీటర్లతో పాటు 100 మీటర్ల పరుగు కూడా ఉంది. పురుషులకు 15 సెకన్లు, మహిళలకు 18 సెకన్లు. ఇది ఉద్యోగానికి పెట్టిన అర్హత పరీక్ష. దానికి తగ్గ ప్రాక్టీస్ చేయడంలో తప్పేం లేదు.

సమస్య ఎక్కడ వస్తుందంటే.. అదే గ్రౌండ్‌కి వచ్చే 13 ఏళ్ల పిల్లాడు కూడా ఆ అన్నల వెనకే రౌండ్లు కొడతాడు. పీటీ సార్‌కి వందమంది పిల్లలు, ఒక్క విజిల్. అందరికీ ఒకటే మంత్రం. ముందు పది రౌండ్లు, తర్వాతే ఏదైనా!

స్ప్రింటర్ ఒంటికి ఇది సరిపడదు. ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తేటప్పుడు కండరం అప్పటికే నిల్వ ఉన్న శక్తిని వాడుకుంటుంది. ఆ నిల్వ కొద్ది సెకన్లలోనే అయిపోతుంది. మళ్లీ నిండాలంటే నిమిషాలు పడుతుంది. అందుకే స్ప్రింట్ కోచ్‌లు ఒక మోటు లెక్క పాటిస్తారు. ఫుల్ స్పీడ్‌లో పరిగెత్తిన ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక నిమిషం విశ్రాంతి. 30 మీటర్లకు మూడు నిమిషాలు. 60 మీటర్లకు ఆరు నిమిషాలు.

ఉదాహరణకు ఒక స్పీడ్ సెషన్ ఇలా ఉండొచ్చు. మంచి వార్మప్ తర్వాత 30 మీటర్లు ఐదుసార్లు, 60 మీటర్లు మూడుసార్లు. మొత్తం కలిపితే 330 మీటర్లు. అంటే ఒక రౌండ్ కూడా కాదు! మిగతా సమయమంతా నడవడం, కూర్చోవడం, తర్వాతి పరుగుకు సిద్ధమవడం. చూసేవాళ్లకు 'వీళ్లు ప్రాక్టీస్ చేస్తున్నారా, కబుర్లు చెప్పుకుంటున్నారా' అనిపిస్తుంది. కానీ విశ్రాంతి తగ్గించి అదే పని పదిహేనుసార్లు చేయిస్తే, ఆరో పరుగు నుంచి పిల్లాడు నేర్చుకునేది స్పీడ్ కాదు. అలసిపోయి నెమ్మదిగా పరిగెత్తడం నేర్చుకుంటాడు. ఇలాంటి గట్టి సెషన్ల మధ్య 48 గంటల గ్యాప్ ఇవ్వడం కూడా అందుకే.

స్టామినా అక్కర్లేదా? కావాలి. కాకపోతే అది 100 మీటర్ల పిల్లకు వేరు, 400 మీటర్ల పిల్లకు వేరు. అందరికీ ఒకే పది రౌండ్లు అనే పద్ధతిలో వేగం ఉన్న పిల్లలే ముందు దెబ్బతింటారు. పిక్క ఎముక ముందు భాగంలో నొప్పి, తొడ వెనక కండరం పట్టేయడం, మోకాలి కింద వాపు.. గ్రౌండ్‌లో వినపడే ఫిర్యాదులు ఇవే. ఎత్తు వేగంగా పెరిగే రోజుల్లో, అంటే అమ్మాయిలకు సుమారు 11-13 ఏళ్లప్పుడు, అబ్బాయిలకు 13-15 ఏళ్లప్పుడు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. ఆ నెలల్లో పరుగు తగ్గించి డ్రిల్స్, గెంతులు, బ్యాలెన్స్ మీద పని చేయించడం తెలిసిన కోచ్ లక్షణం.

ఖర్చు లేని జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మోకాళ్ల మీద నిలబడి, వెనక ఇంకొకరు చీలమండలు పట్టుకోగా, నెమ్మదిగా ముందుకు వాలే వ్యాయామం ఒకటి ఉంది. పేరు నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్. ఫుట్‌బాల్ ఆటగాళ్ల మీద జరిగిన అధ్యయనాల్లో ఇది తొడ వెనక కండరం గాయాలను దాదాపు సగానికి తగ్గించింది. పైసా ఖర్చు లేదు. జిమ్ అక్కర్లేదు. కావాల్సింది చెప్పేవాళ్లే.

ఫోన్‌లో 10.9 వచ్చింది.. నిజమేనా?

'మా ఊరి కుర్రాడు 100 మీటర్లు 10.9లో కొట్టాడు' అనే వీడియోలు సోషల్ మీడియాలో తరచూ వైరల్ అవుతుంటాయి. కింద కామెంట్లలో 'బోల్ట్‌ని పంపించండి' అంటూ హడావుడి. ఇక్కడ చిన్న లెక్క చూడాలి.

చేత్తో స్టాప్‌వాచ్ నొక్కేవాళ్లు తుపాకీ శబ్దం విన్నాక నొక్కుతారు. ముగింపు దగ్గర మాత్రం రన్నర్ రావడం ముందే కనిపిస్తుంది. అందుకే చేతి టైమింగ్ ఎప్పుడూ తక్కువ చూపిస్తుంది. 100 మీటర్లలో దాన్ని ఎలక్ట్రానిక్ టైమింగ్‌తో పోల్చాలంటే 0.24 సెకన్లు కలపడం ఆనవాయితీ. అప్పుడు 10.9 కాస్తా 11.14 అవుతుంది. వెనక నుంచి గాలి వీస్తే ఇంకా తేడా. సెకనుకు 2 మీటర్ల గాలి తోడైతే 100 మీటర్లలో సుమారు పదో వంతు సెకను కలిసొస్తుంది. అంతకు మించి వీస్తే రికార్డే చెల్లదు. ఇక గ్రౌండ్‌లో ఆ 100 మీటర్లు టేపుతో కొలిచారా, అడుగులతో కొలిచారా అన్నది మరో ప్రశ్న.

ఇది పిల్లల్ని తక్కువ చేయడానికి కాదు. సరిగ్గా కొలవకపోతే నష్టపోయేది వాళ్లే. జ్యోతి కథే దీనికి సాక్ష్యం. 2020లో మూడబిద్రిలో జరిగిన యూనివర్సిటీ పోటీల్లో ఆమె 13.03 సెకన్లు పరిగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు కన్నా చాలా మెరుగు. కానీ డోప్ టెస్ట్ జరగలేదని, అథ్లెటిక్స్ ఫెడరేషన్ సాంకేతిక ప్రతినిధి లేరని దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. 2022లో కోజికోడ్‌లో 13.09 కొట్టింది. గాలి వేగం 2.1. పరిమితి 2.0! మళ్లీ చెల్లలేదు. చివరికి అదే ఏడాది మేలో సైప్రస్‌లో 13.23తో రికార్డు ఆమె పేరున నమోదైంది. రెండుసార్లు చేతిదాకా వచ్చి పోయింది. మూడోసారి కోసం ఓపిగ్గా నిలబడింది కాబట్టి సరిపోయింది. ప్రతి పిల్లకూ ఆ ఓపిక, ఆ మూడో అవకాశం ఉంటాయా?

మరి ఖరీదైన టైమింగ్ గేట్లు లేని స్కూల్ ఏం చేయాలి? ఫోన్ ఉంది కదా. సాధారణ వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు, స్లో మోషన్‌లో 240 ఫ్రేములు వచ్చే ఫోన్లు ఇప్పుడు చాలామంది దగ్గర ఉన్నాయి. టేపుతో కొలిచి 30 మీటర్లకు రెండు కర్రలు పాతాలి. వాటికి 20 మీటర్ల ముందు నుంచే పరుగు మొదలుపెట్టించాలి. కర్రల మధ్య పరుగును పక్కనుంచి, కాస్త దూరంలో నిలబడి తీసి ఫ్రేములు లెక్కపెట్టాలి. పోటీ టైమింగ్ కాదు గానీ.. అదే చోట, అవే షూస్‌తో నెలకోసారి కొలిస్తే పిల్లాడు మెరుగవుతున్నాడా లేదా అన్నది తేలిపోతుంది. వైరల్ వీడియో కన్నా ఆ నోట్‌బుక్‌లో రాసుకున్న అంకెలే విలువైనవి.

అన్నం తింటే సరిపోతుందా?

అమ్మాయిల విషయంలో పెద్దగా చర్చకు రాని అంశం రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ప్రతి ఐదుగురిలో ముగ్గురు! గ్రౌండ్‌లో 'బద్ధకంగా ఉంది', 'మొన్నటి ఊపు లేదు' అని తిట్లు తినే అమ్మాయికి అసలు సమస్య రక్తంలో ఉండొచ్చు. 100 మీటర్ల పరుగు పది పదిహేను సెకన్లలో అయిపోతుంది కాబట్టి ఒక్క పరుగులో తేడా తెలియకపోవచ్చు. కానీ రెండో పరుగుకు కోలుకోవడం, మర్నాడు ప్రాక్టీస్‌కి రావడం.. అక్కడ దెబ్బ పడుతుంది.

ప్రైమరీ హెల్త్ సెంటర్‌లో ఒక్క హిమోగ్లోబిన్ పరీక్షతో విషయం తెలిసిపోతుంది. స్కూళ్లలో ఐరన్ మాత్రలు ఇస్తారు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు ఉంది. ఇవన్నీ ఉన్నా వాటిని ప్రాక్టీస్‌తో కలిపి చూసేవాళ్లు కావాలి. ఉదయం ఐదింటికి ఖాళీ కడుపుతో వచ్చి, గంటన్నర పరిగెత్తి, టీ తాగి స్కూల్‌కి పోయే పిల్ల మధ్యాహ్నం దాకా ఏమీ తినకపోతే కండరం ఎలా పెరుగుతుంది? ఒక అరటిపండు, గుప్పెడు పల్లీలు, బెల్లం, ఉడికిన గుడ్డు.. ఇవేమీ ఖరీదైన డైట్ కాదు.

ఇంకో ముఖ్యమైన సంకేతం నెలసరి. ప్రాక్టీస్ పెరిగాక నెలసరి వరుసగా ఆగిపోతే అది 'ఫిట్‌నెస్' కాదు. ఒంటికి తిండి చాలడం లేదని అర్థం. ఎముకలు బలహీనపడే ప్రమాదం ఉంది. వెంటనే డాక్టర్‌కి చూపించాలి. మగ కోచ్‌తో ఈ మాట చెప్పుకోలేని అమ్మాయిలే ఎక్కువ. ప్రతి గ్రౌండ్‌లో ఒక మహిళా టీచరో, సీనియర్ అక్కో అందుబాటులో ఉండాలనేది ఇందుకే.

అడ్డదారి.. ఎక్కడ మొదలవుతుంది?

ఇక అందరూ తప్పించుకునే టాపిక్ డోపింగ్. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా లెక్కల ప్రకారం 2023లో భారత్‌లో 5,606 నమూనాలు పరీక్షిస్తే 213 పాజిటివ్ వచ్చాయి. అంటే 3.8 శాతం. ఎక్కువ పరీక్షలు జరిపే దేశాల్లో ఇది అత్యధిక స్థాయి. అదే ఏడాది సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర పోటీలకు నాడా అధికారులు వచ్చారని తెలియగానే పురుషుల 100 మీటర్ల ఫైనల్ నుంచి అందరూ మాయమయ్యారు. ఒక్కడే ట్రాక్ మీద మిగిలాడు. స్టేడియం టాయిలెట్‌లో వాడి పడేసిన సిరంజీలు దొరికిన వీడియో దేశమంతా చూసింది.

ఇది సీనియర్ల గొడవ అనుకుంటే పొరపాటే. ఉద్యోగానికో, సీటుకో ఒక సర్టిఫికెట్ చాలనే ఆలోచన మొదలయ్యేది జూనియర్ స్థాయిలోనే. పుట్టిన తేదీ మార్చి చిన్న పిల్లల పోటీల్లో పరిగెత్తించడం, జిమ్‌లో ఎవరో ఇచ్చిన పౌడర్ వాడించడం.. రెండింటి వెనకా ఉండేది పెద్దలే. నిబంధనల ప్రకారం మాత్రం ఒంట్లో ఏం దొరికినా బాధ్యత అథ్లెట్‌దే. 'తెలియక తాగాను' అంటే శిక్ష తగ్గొచ్చేమో గానీ కేసు ఆగదు. మైనర్ దొరికితే చుట్టూ ఉన్న కోచ్, సహాయకుల మీద కూడా విచారణ జరపాలని అంతర్జాతీయ నియమావళి చెబుతోంది. తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన మాట ఇది.

14 ఏళ్లకే గెలవాలా?

స్కూల్ గేమ్స్ సెలక్షన్లలో ఇంకో చిక్కు ఉంది. 14 ఏళ్లలోపు పోటీల్లో గెలిచేది తరచూ ముందుగా ఎత్తు పెరిగిన పిల్లలే. ఒకే క్లాసులో ఒకడికి మీసం వస్తుంది, పక్కవాడు ఇంకా చిన్నపిల్లాడిలా ఉంటాడు. ఆ రోజు పరుగులో మొదటివాడే గెలుస్తాడు. మూడేళ్ల తర్వాత ఇద్దరి ఎత్తూ సమానమయ్యాక కథ మారిపోవచ్చు. కానీ అప్పటికి రెండోవాడు గ్రౌండ్ మానేసి ఉంటాడు.

ఈ సమస్య తెలుసు కాబట్టే అథ్లెటిక్స్ ఫెడరేషన్ అంతర్ జిల్లా జూనియర్ మీట్‌లో 14 ఏళ్లలోపు వాళ్లకు ఒక్క పరుగు కాకుండా, పరుగు, లాంగ్‌జంప్ లాంటివి కలిపి ట్రయాథ్లాన్ పెట్టింది. చిన్న వయసులో అన్నీ ఆడాలి, ఒక ఈవెంట్‌కి తర్వాత స్థిరపడొచ్చు అన్నది దాని ఉద్దేశం. ఏడు ఈవెంట్ల నందిని ఆసియా ఛాంపియన్ కావడం చూస్తే ఇది ఊరికే చెప్పే మాట కాదని అర్థమవుతుంది. 2025 జులైలో గ్రీస్‌లో 100 మీటర్లను 10.18 సెకన్లలో పూర్తి చేసి, 10.20 లోపు పరిగెత్తిన తొలి భారతీయుడిగా నిలిచిన అనిమేష్ కుజూర్ కూడా అంతే. ఛత్తీస్‌గఢ్ సైనిక్ స్కూల్లో చదువుకున్నాడు, ఫుట్‌బాల్ ఆడేవాడు. పరుగు వైపు ఆలస్యంగానే వచ్చాడు. తర్వాత భువనేశ్వర్‌లో సరైన కోచింగ్ దొరికింది. 13 ఏళ్లకే జాతీయ ఛాంపియన్ కాకపోతే ఇక అంతే అనుకునే తల్లిదండ్రులు ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి.

డబ్బు ఎక్కడ పెడుతున్నారు?

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని కాదు. ఏపీ 2024లో తెచ్చిన క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు, రజతానికి 5 కోట్లు, కాంస్యానికి 3 కోట్ల రూపాయలు ప్రకటించారు. ఉద్యోగాల్లో క్రీడా కోటా 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగింది. తెలంగాణ ప్రభుత్వం దీప్తికి కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, ఇంటి స్థలం ప్రకటించింది. అవి ఆ అమ్మాయిలు చెమటోడ్చి సంపాదించుకున్నవే. హకీంపేట స్పోర్ట్స్ స్కూల్, కడప స్పోర్ట్స్ స్కూల్, గురుకులాల అకాడమీలు కూడా ఉన్నాయి. హనుమకొండ జేఎన్ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ వేశాక 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలే జరిగాయి.

అయితే కోట్ల రూపాయల బహుమతి అందేది పతకం వచ్చాక. అప్పటికి ఆ అథ్లెట్‌కి పాతికేళ్లు. అవసరం ఉన్నది పదమూడేళ్లప్పుడు. ఆ వయసులో కావాల్సినవి చాలా చిన్నవి. కొలిచిన 60 మీటర్ల చదునైన నేల. కాలికి సరిపోయే షూస్. ఏడాదికి రెండుసార్లు రక్త పరీక్ష. స్ప్రింట్ కోచింగ్‌లో కనీసం ప్రాథమిక కోర్సు చేసిన పీఈటీ. ఏదైనా నొప్పి వస్తే ఫోన్ చేసి అడగడానికి జిల్లాకు ఒక ఫిజియో.

పెద్ద కేంద్రాల్లోనూ గాయాలవుతాయి. జ్యోతికే 2025లో మోకాలి లిగమెంట్ తెగి సర్జరీ అవసరమైంది. ఆ ఏడాది టోక్యో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కు దూరమైంది. కానీ ఆమె వెనక డాక్టర్లు, ఫిజియోలు, కోచ్ ఉన్నారు. అదే గాయం మండల స్థాయిలో పదిహేనేళ్ల అమ్మాయికి అయితే? 'ఇక చాల్లే, చదువుకో' అనే మాటతో ఆట ముగుస్తుంది. ఆ పేరు ఎవరికీ గుర్తుండదు.

కేరళ ఈ పాఠం ముందే నేర్చుకుంది. పీటీ ఉషను చిన్న వయసులోనే కన్నూర్ స్పోర్ట్స్ డివిజన్‌లో గుర్తించిన ఓఎం నంబియార్.. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ దాకా ఆమె కోచ్‌గానే ఉన్నారు. అక్కడ 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం చేజారింది. పతకం రాకపోయినా 1985లో తొలి ద్రోణాచార్య అవార్డు అందుకున్నవాళ్లలో నంబియార్ ఉన్నారు. పిల్లను తొలి రోజుల నుంచి తీర్చిదిద్దిన మనిషికి దక్కిన గౌరవం అది. మన దగ్గర పిల్ల పెద్ద అకాడమీకి వెళ్లగానే తొలి పీఈటీ పేరు ఫొటోలోంచి తప్పుకుంటుంది. పతకానికి ఇచ్చే బహుమతిలో కొంత వాటా ఆ తొలి గురువుకూ, ఆ స్కూల్ గ్రౌండ్‌కూ వెళ్లేలా నిబంధన పెడితే? మిగతా పీఈటీలకు అంతకన్నా పెద్ద ప్రోత్సాహం ఏముంటుంది?

మీ పిల్లల్ని గ్రౌండ్‌కి పంపే ముందు..

కోచింగ్ సెంటర్లు ఊరూరా పెరుగుతున్నాయి. పిల్లల్ని చేర్పించే ముందు తల్లిదండ్రులు ఈ ఐదు ప్రశ్నలు అడగొచ్చు.

1. వారానికి ఎన్ని రోజులు ఫుల్ స్పీడ్ పరుగు? రోజూ అంటే జాగ్రత్త పడాలి. రెండు, మూడు రోజులు చాలు.

2. పరుగుకూ పరుగుకూ మధ్య విశ్రాంతి ఎంత? 'విశ్రాంతి ఏంటి' అని నవ్వితే అది స్ప్రింట్ కోచింగ్ కాదు.

3. టైమింగ్స్ రాసిపెడుతున్నారా? ఆ నోట్‌బుక్ చూపించమనాలి.

4. నొప్పి అంటే ఏం చేస్తారు? 'పరిగెడితే అదే పోతుంది' అనే సమాధానం వస్తే పిల్లాడిని తీసుకొచ్చేయడం మంచిది.

5. పౌడర్లు, ఇంజెక్షన్లు, వయసు సర్టిఫికెట్ మార్పు.. వీటిలో ఏ ఒక్క మాట వచ్చినా ఆ గ్రౌండ్‌కి దూరంగా ఉండాలి.

అహ్మదాబాద్ గేమ్స్‌కి టికెట్లు అమ్మేనాటికి ఈ పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. అప్పుడు టీవీల ముందు కూర్చుని 'మనవాళ్లు ఎందుకు లేరు' అని అడిగితే సమాధానం దొరకదు. సమాధానం ఈ ఏడాది మండల సెలక్షన్లలోనే ఉంది. అక్కడ మొదటి స్థానంలో వచ్చిన అమ్మాయిని అందరూ చూస్తారు. చెప్పులు లేకుండా పరిగెత్తి నాలుగో స్థానంలో వచ్చిన బక్కపలచటి అమ్మాయి పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబర్ రాసిపెట్టుకునేది ఎవరు?